ఆటిజం ఉన్నవారి మెదడు చూపును, శబ్దాన్ని, స్పర్శను ఎలా కలుపుకుంటుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆటిజం అనగానే చాలామందికి గుర్తొచ్చేవి పెద్ద శబ్దానికి చెవులు మూసుకోవడం, ట్యూబ్‌లైటు వెలుతురు పడకపోవడం, చొక్కా మెడ దగ్గర లేబుల్ గుచ్చుకోవడం. ఇవన్నీ ఒక్కో ఇంద్రియానికి సంబంధించినవి. కానీ మామూలు జీవితంలో ఏ ఇంద్రియమూ ఒంటరిగా పనిచేయదు. కన్ను చెప్పింది, చెవి చెప్పింది, చర్మం చెప్పింది మెదడు ఒకచోట చేర్చుకుంటేనే ఎదురుగా ఏం జరుగుతోందో తెలుస్తుంది. ఆటిజం ఉన్నవారిలో తేడా ఎక్కువగా కనిపించేది ఈ చేర్చే పనిలోనే. తల్లిదండ్రులు, టీచర్లు, ఆటిజం ఉన్న పెద్దవాళ్లు దీని గురించి అడిగే ప్రశ్నలకు ఇవి జవాబులు.

ఇంద్రియాలను కలపడం అంటే ఏమిటి? అది దానంతటదే జరిగిపోదా?

జరిగిపోతుంది, అందుకే దాని గురించి ఎవరూ ఆలోచించరు. ఒక మనిషి మీతో మాట్లాడుతున్నాడనుకోండి. పెదవుల కదలిక వెలుతురుగా కంటికి చేరుతుంది, గొంతు శబ్దంగా చెవికి చేరుతుంది. వెలుతురు చేరడానికి పట్టే సమయం లెక్కలోకి రానంత తక్కువ. శబ్దం మాత్రం సెకనుకు దాదాపు 340 మీటర్లే వెళుతుంది. మనిషి 34 మీటర్ల దూరంలో ఉంటే మాట పెదవి కంటే సెకనులో పదో వంతు ఆలస్యంగా వస్తుంది. శరీరం లోపల సంగతి దీనికి తిరగబడుతుంది: శబ్దాన్ని నరాల సంకేతంగా మార్చడంలో చెవి వేగం ఎక్కువ, కంటి రెటీనా నెమ్మది.

అంటే ఒకే సంఘటనకు చెందిన రెండు కబుర్లు మెదడుకు ఎప్పుడూ సరిగ్గా ఒకే క్షణంలో అందవు. ఈ రెండూ ఒకే చోటి నుంచి వచ్చాయా, వేర్వేరువా అని మెదడే తేల్చుకోవాలి. సమయంలో దగ్గరగా ఉన్నాయా, దిక్కు ఒకటేనా, ఒకదానికొకటి అర్థం కుదురుతోందా అని చూసి తేల్చుకుంటుంది. సినిమా హాల్లో స్పీకర్లు ఎక్కడున్నా మాట మాత్రం తెర మీది మనిషి నోటి నుంచే వస్తున్నట్టు అనిపిస్తుందే, అది ఈ నిర్ణయం ఫలితమే.

ఈ పని పుట్టుకతో పూర్తిగా సిద్ధంగా ఉండదు. మెదడు లోతుల్లో సుపీరియర్ కొలిక్యులస్ అనే చిన్న భాగం ఉంది. బారీ స్టైన్, అలెక్స్ మెరెడిత్ అనే శాస్త్రవేత్తలు 1980లలో పిల్లుల మీద పరిశోధించి, అక్కడి నరకణాల్లో చాలా వాటికి ఒక బలహీనమైన శబ్దాన్నీ ఒక బలహీనమైన వెలుతురునూ కలిపి ఇస్తే, విడివిడిగా ఇచ్చినప్పటి కంటే చాలా ఎక్కువగా స్పందిస్తాయని చూపించారు. అప్పుడే పుట్టిన పిల్లి కూనలకు ఆ సామర్థ్యం ఉండదు. చీకట్లో పెరిగిన పిల్లుల్లో అది సరిగ్గా ఏర్పడదని తర్వాత తేలింది. మనుషుల్లోనూ అంతే, అనుభవంతోనే వస్తుంది. చూపునూ స్పర్శనూ పెద్దవాళ్లలా కలుపుకోవడం మామూలు పిల్లలకు కూడా 8 నుంచి 10 ఏళ్ల వరకు కుదరదని 2008లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది.

ఇంద్రియాలు ఐదే కదా?

బడిలో ఐదే చెప్పారు. వాటికి తోడు ఇంకో మూడు లెక్కపెట్టాలి. లోపలి చెవిలో ఉండి, తల ఎటు వాలిందో, శరీరం ఎటు కదులుతోందో చెప్పే సమతుల్య జ్ఞానం ఒకటి. కండరాలు, కీళ్ల నుంచి వచ్చే కబురు రెండోది: కళ్లు మూసుకున్నా మీ చెయ్యి ఎక్కడుందో మీకు తెలుస్తుంది, దీనివల్లే. ఆకలి, దాహం, గుండె దడ, మూత్రం వస్తోందన్న సంగతి చెప్పేది మూడోది. ఆటిజం విషయంలో ఈ మూడింటినీ పక్కన పెడితే సగం కథ తెలియదు.

ఆటిజం ఉన్నవారిలో అసలు తేడా ఎక్కడ?

ఎక్కువ ఆధారాలున్న తేడా సమయానికి సంబంధించినది. ఒక మెరుపు, ఒక బీప్ కొద్ది తేడాతో వస్తే వాటిని ఒకే సంఘటనగా తీసుకోవడానికి ప్రతి మెదడూ కొంత వ్యవధి ఇచ్చుకుంటుంది. ఆ వ్యవధి దాటితే రెండూ వేరని తెలుసుకుంటుంది. చిన్నపిల్లల్లో ఈ వ్యవధి పెద్దగా ఉండి, యవ్వనంలోకి వచ్చేసరికి తగ్గుతుంది. 2010లో ఒకటి, 2014లో ఒకటి వచ్చిన అధ్యయనాల్లో ఆటిజం ఉన్న పిల్లలకు ఈ వ్యవధి తోటి పిల్లల కంటే పెద్దగా ఉందని తేలింది. 2014 నాటి దాంట్లో తేడా ముఖ్యంగా కనిపించింది మాటల విషయంలో.

వ్యవధి పెద్దదైతే నష్టమేమిటి అని అడగవచ్చు. ఒక గదిలో నలుగురు మాట్లాడుతున్నారు, ఫ్యాను తిరుగుతోంది, ఎవరో కుర్చీ జరిపారు. ఏ శబ్దం ఏ కదలికకు చెందిందో విడదీయాలంటే సమయం మీద పట్టు కావాలి. ఆ పట్టు వదులైతే, ఒకరి పెదవులకు ఇంకొకరి మాట అంటుకోవచ్చు. లేదా కలవాల్సినవి గట్టిగా కలవకపోవచ్చు.

ఒక్క విషయం ఇక్కడే చెప్పాలి. "వీళ్లకు ఇంద్రియాలు కలవవు" అని రాసేవాళ్లున్నారు. అది తప్పు. శరీరం ఏ దిక్కుకు కదులుతోందో చూపుతోనూ సమతుల్య జ్ఞానంతోనూ కలిపి చెప్పమన్న పరీక్షలో ఆటిజం ఉన్న యువకులు రెండు కబుర్లనూ బాగానే కలుపుకున్నారని 2015లో ఒక పరిశోధన చూపించింది. వాళ్లకు కష్టమైంది తెర మీది చిత్రంలో గజిబిజి పెంచినప్పుడు. నాకు అర్థమైనంతలో సంగతి ఇది: కలపడం వస్తుంది, కానీ దానికయ్యే ఖర్చు ఎక్కువ. కింద వచ్చే జవాబుల్లో చాలావాటికి మూలం ఇదే.

"మెగర్క్" పరీక్ష అని తరచూ వినిపిస్తుంది. ఏమిటది?

1976లో హ్యారీ మెగర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ ఒక విచిత్రాన్ని ప్రచురించారు. వీడియోలో మనిషి పెదవులు "గ" అంటుంటాయి, దానికి "బ" అనే శబ్దం అతికిస్తారు. చూసేవాళ్లలో చాలామందికి "ద" అని వినిపిస్తుంది. కళ్లు మూసుకుంటే "బ" వినిపిస్తుంది, తెరిస్తే మళ్లీ "ద". మోసమని తెలిసినా ఆగదు.

ఆటిజం ఉన్నవారిని, ముఖ్యంగా పిల్లలను సగటున తీసుకుంటే, ఈ మోసానికి తక్కువగా లొంగుతారు. వాళ్లు చెవికి వినిపించిన "బ"నే చెబుతారు. ఒక రకంగా చూస్తే నిజం పట్టుకున్నది వాళ్లే! అయితే మాట వినేటప్పుడు పెదవుల సాయం వాళ్లకు తక్కువగా అందుతోందని కూడా దీని అర్థం. ఇది సగటు మాట మాత్రమే. ఆటిజం లేనివాళ్లలోనూ ఈ పరీక్షలో ఏమాత్రం మోసపోనివారు బోలెడంతమంది ఉంటారు కాబట్టి, ఇంట్లో ఈ వీడియో చూపించి పిల్లవాడికి ఆటిజం ఉందో లేదో తేల్చే పని పెట్టుకోకండి.

మా బాబు మాట్లాడేటప్పుడు ముఖంలోకి చూడడు. వింటున్నట్టేనా?

చాలాసార్లు వింటున్నట్టే. ముఖం పక్కకు తిప్పుకున్నాడంటే వినడానికే తిప్పుకుని ఉండవచ్చు. కదిలే పెదవులు, కనుబొమలు, కళ్లు, వాటితోపాటు మాట, అన్నీ ఒకేసారి అందుకుంటూ కలుపుకోవడం భారమైనప్పుడు ఒక దారి మూసేస్తే రెండోది తేలికవుతుంది. "చూడమంటారా, వినమంటారా? రెండూ అంటే కుదరదు" అనే అర్థంలో ఆటిజం ఉన్న పెద్దవాళ్లు చాలామంది చెబుతారు. ఆస్ట్రేలియాకు చెందిన రచయిత్రి డోనా విలియమ్స్ తనకు ఆటిజం ఉందని తెలిశాక, ఒకసారికి ఒకే దారిలో మాత్రమే అర్థం చేసుకోగలిగే స్థితి గురించి వివరంగా రాశారు.

"ఇటు చూడు, నా కళ్లలోకి చూడు" అని గడ్డం పట్టుకుని తిప్పడం వల్ల చూపు వస్తుంది, వినికిడి పోతుంది. విన్నాడో లేదో తెలుసుకోవాలంటే చెప్పిన పని జరిగిందా అని చూడండి, చూపు కోసం పట్టుబట్టకండి.

పేరు పెట్టి పిలిస్తే పలకడు. పక్క గదిలో ఫోన్ చిన్నగా మోగితే పరిగెత్తుతాడు. చెవులు బాగున్నట్టేనా?

ముందు వినికిడి పరీక్ష చేయించండి, అది ఊహకు వదిలేయాల్సిన విషయం కాదు. పరీక్షలో అంతా బాగుందంటే ఇలా ఆలోచించండి.

పిల్లవాడు బొమ్మ కారు చక్రం తిప్పుతున్నాడు. చూపు, వేళ్ల స్పర్శ, చక్రం చేసే సన్నని శబ్దం అన్నీ ఒకదానికొకటి చక్కగా అతుక్కున్నాయి, ఎందుకంటే వాటిని కదిలిస్తున్నది తనే. మధ్యలో వెనక నుంచి మీ గొంతు వచ్చింది. దానికి ఆనవాలుగా కనబడే ముఖం లేదు, స్పర్శ లేదు. ఆటిజంలో శ్రద్ధ ఒకే విషయం మీద లోతుగా దిగుతుందని, అప్పుడు మిగతావి నిజంగానే అందవని 2005లో డైనా ముర్రే, ఆమె సహచరులు ఒక వాదం ముందుకు తెచ్చారు. తాము రోజూ అనుభవించేది ఇదేనని ఆటిజం ఉన్న చాలామంది అంటారు. ఫోన్ మోత సంగతి వేరు. అది ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలుసు. మీ పిలుపు రోజుకో రాగంలో ఉంటుంది.

దూరం నుంచి పిలిచే బదులు దగ్గరకు వెళ్లి, ముందు నుంచి కనిపించి, అప్పుడు పేరు పిలవండి. ఒక్కసారి. జవాబు కోసం ఆగండి. మూడు సెకన్లకే మళ్లీ పిలిస్తే మొదటి పిలుపు మీద జరుగుతున్న పని చెడిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

ఇంట్లో చెబితే అర్థమవుతుంది, గోలగా ఉన్నచోట అదే మాట అర్థం కాదు. ఎందుకని?

గోలలో మనమందరం తెలియకుండానే పెదవులు చదువుతాం. చెవికి అందని అక్షరాన్ని కన్ను పూరిస్తుంది. ఇదీ కాక, చుట్టూ ఉన్న శబ్దం ఎప్పుడూ ఒకే స్థాయిలో ఉండదు. మధ్యమధ్య చిన్న ఖాళీలు వస్తాయి, ఆ ఖాళీల్లో దొరికిన ముక్కలను పోగేసుకుని మాట అర్థం చేసుకుంటాం. ఆటిజం ఉన్నవారికి ఈ రెండో పని కూడా కష్టంగా ఉంటుందని 2004లోనే ఒక పరిశోధన వచ్చింది.

మొదటిదాని మీద 2015లో జాన్ ఫాక్స్, సహచరులు ఇచ్చిన ఫలితాలు బాగా ప్రసిద్ధం. గోలలో మాటలు వినిపించి, మాట్లాడేవారి ముఖం చూపిస్తే ఎంత లాభం కలుగుతుందో కొలిచారు. 5 నుంచి 12 ఏళ్ల పిల్లల్లో ఆటిజం ఉన్నవారికి ఆ లాభం బాగా తక్కువ. 13 నుంచి 15 ఏళ్ల వారిని చూస్తే తేడా దాదాపు కనిపించలేదు.

అంటే పెద్దయ్యాక అదే సర్దుకుంటుందా?

కొంతవరకు. 2018లో అప్పటివరకు వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి లెక్కగట్టినప్పుడు కూడా తేడా చిన్న వయసులోనే ఎక్కువగా ఉందని తేలింది. కాబట్టి చాలామందిలో ఇది ఆలస్యంగా వచ్చే సామర్థ్యమని అనుకోవచ్చు.

అయితే రెండు సంగతులు మరిచిపోకూడదు. పరీక్షలో మార్కులు సమానమైనంత మాత్రాన శ్రమ సమానం కాదు. ఆఫీసులో మీటింగంతా మామూలుగానే మాట్లాడి, ఇంటికొచ్చి చీకటి గదిలో పడుకునే పెద్దవాళ్లు ఉన్నారు. రెండోది, పసిపిల్లలు మాటలు నేర్చుకునేదే ముఖమూ గొంతూ కలిపి. ఆ వయసులో దొరకాల్సిన సాయం పద్నాలుగేళ్లకు దొరికితే, మధ్యలో పోయిన కాలం పోయినట్టే. అందుకే "పెద్దయితే అదే వస్తుందిలే" అనే ఓదార్పు నాకు నచ్చదు.

శబ్దం పడకపోవడం, ఇంద్రియాలు కలవడంలో తేడా, రెండూ ఒకటేనా?

కాదు, కానీ ఒకే ఇంట్లో ఉంటాయి. ఒక ఇంద్రియం మరీ ఎక్కువగా లేదా మరీ తక్కువగా స్పందించడం ఆటిజంలో మొదటి నుంచీ గమనించినదే. 1943లో లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంలోనే పెద్ద శబ్దాలకు, కదిలే వస్తువులకు వాళ్లు భయపడటం గురించి ఉంది. అయినా రోగనిర్ధారణ ప్రమాణాల్లోకి అది స్పష్టంగా చేరింది 2013లో, మానసిక వైద్యులు రోగనిర్ధారణకు వాడే అమెరికన్ గ్రంథం డీఎస్ఎం అయిదో కూర్పుతో. ఇంద్రియాలు కలవడంలో తేడా మాత్రం ఆ ప్రమాణాల్లో లేదు.

ఒకదాన్ని ఒకటి పెంచడం మాత్రం జరుగుతుంది. కుక్కర్ విజిల్ వేసే ముందు ఆవిరి చప్పుడు పెరుగుతుంది, మూత కదులుతుంది. ఈ ముందస్తు ఆనవాళ్లను కలుపుకోగలిగితే విజిల్ ఎప్పుడొస్తుందో తెలిసిపోతుంది, ఉలికిపాటు తగ్గుతుంది. కలవకపోతే ప్రతి విజిలూ పిడుగే. వీటితోపాటు, పదేపదే వచ్చే శబ్దానికి, స్పర్శకు అలవాటు పడటం కూడా కొందరిలో నెమ్మదిగా జరుగుతుందని మెదడు స్కానింగ్ అధ్యయనాల్లో కనిపించింది.

దీనికి కారణమేమిటి?

వాదాలు చాలా ఉన్నాయి, ఒక్కటీ అందరినీ ఒప్పించలేదు. 1989లో ఊటా ఫ్రిత్, ఆటిజంలో వివరాలు బాగా పట్టుబడతాయి, వాటిని కలిపి మొత్తాన్ని చూడటం బలహీనంగా ఉంటుందన్నారు. 2003లో రూబెన్‌స్టైన్, మెర్జెనిక్ మెదడులో నరాలను ప్రేరేపించే బలానికీ ఆపే బలానికీ మధ్య తూకం తప్పుతుందన్నారు. ఆపే బలం తగ్గితే సంకేతంలో గోల పెరుగుతుంది.

నాకు బాగా నచ్చేది 2012లో లిజ్ పెలికానో, డేవిడ్ బర్ చెప్పినది. మనం చూసేదంతా కంటికి అందినదే కాదు, పాత అనుభవం ఇచ్చే అంచనా కూడా అందులో కలుస్తుంది. ఆటిజంలో ఆ అంచనా బలం తక్కువ కాబట్టి లోకం ప్రతిసారీ కొత్తగా, ఉన్నదున్నట్టుగా మీద పడుతుందని వాళ్ల ఆలోచన. మోసపు చిత్రాలకు లొంగకపోవడం, మార్పు వస్తే కంగారు పడటం, అలవాటైన దారినే కోరుకోవడం, ఈ మూడూ ఒకే తాటి మీదకు వస్తాయి. ఇదే అంతిమ సత్యమని మాత్రం అనను. దీనికి ఎదురుగా వచ్చిన ఫలితాలూ ఉన్నాయి.

ఇందులో అంతా కష్టమేనా? బలాలేమీ లేవా?

ఉన్నాయి. గజిబిజి చిత్రంలో దాగిన ఆకారాన్ని త్వరగా పట్టుకోవడం, సంగీతంలో ఒక స్వరం తేడాను గుర్తించడం ఆటిజం ఉన్న చాలామందికి తేలిక. అన్నా రెమింగ్టన్ చేసిన ప్రయోగాల్లో, ఒకే సమయంలో వాళ్లు అందుకోగలిగే సమాచారం మిగతావారి కంటే ఎక్కువని కనిపించింది. పక్కవాళ్లు గమనించని శబ్దం వాళ్లకు వినబడటానికి ఇదొక కారణం కావచ్చు. పరధ్యానం అని మనం పేరు పెట్టేది, అదనంగా వినబడటమే కావచ్చు.

ఇంకో ఆశ్చర్యం ఉంది. అక్షరాలకు రంగులు కనిపించడం, శబ్దానికి రుచి తెలియడం లాంటి స్థితిని సినెస్థీషియా అంటారు. 2013లో సైమన్ బారన్ కోహెన్ బృందం లెక్క ప్రకారం అది ఆటిజం ఉన్న పెద్దవారిలో 18.9 శాతం మందికి, లేనివారిలో 7.2 శాతం మందికి ఉంది. ఒక చోట కలవాల్సినవి సరిగ్గా కలవవు, ఇంకోచోట ఎవరూ కలపమనని రెండు కలిసిపోతాయి!

స్పర్శ, శరీరం విషయంలో కూడా ఇదే తేడా ఉంటుందా?

ఉంటుంది, కానీ వేరే రూపంలో. రబ్బరు చెయ్యి ప్రయోగం అని ఒకటి 1998 నుంచి వాడుకలో ఉంది. మీ చేతిని అడ్డం వెనక దాచి, ఎదురుగా రబ్బరు చెయ్యి పెట్టి, రెండింటినీ ఒకేసారి బ్రష్షుతో నిమురుతారు. కాసేపటికి రబ్బరు చెయ్యే మీదన్నట్టు అనిపిస్తుంది. 2012లో కారిస్సా కాస్సియో బృందం ఆటిజం ఉన్న పిల్లలతో దీన్ని చేసినప్పుడు, మిగతా పిల్లలకు 3 నిమిషాల్లో వచ్చిన భ్రమ వీళ్లకు రాలేదు. 6 నిమిషాలకు వచ్చింది. కలిసింది, ఆలస్యంగా.

2009లో ఇంకో పరిశోధన వచ్చింది. కొత్త కదలికను నేర్చుకునేటప్పుడు ఆటిజం ఉన్న పిల్లలు కంటికి కనబడేదాని కంటే కండరాలు, కీళ్లు చెప్పేదాన్నే ఎక్కువగా నమ్ముకున్నారు. దీన్ని నేను చాలా ఉపయోగకరమైన ఫలితంగా చూస్తాను. "నేను చేసేది చూసి నువ్వూ చెయ్యి" అని బూటు లేసు ముడి పదిసార్లు చూపించినా రాని పిల్లవాడికి, ఆ ముడి చేతులతో తనే నెమ్మదిగా చేసి చూస్తే రావచ్చు. చెయ్యి పట్టి చేయించాలనుకుంటే ముందు అడగండి. హఠాత్తుగా తాకడం కొందరికి భరించలేని విషయం.

ఊగడం, చేతులు ఆడించడం ఆపించాలా?

తనకు గానీ పక్కవారికి గానీ దెబ్బ తగలనంత వరకు వద్దు. ఊగేటప్పుడు కదలిక, దృశ్యం, శరీర స్పర్శ అన్నీ ఒకే లయలో, తన అదుపులో ఉంటాయి. గోలగా ఉన్న చోట అదొక్కటే ఆధారం కావచ్చు.

మెల్ట్‌డౌన్‌కూ దీనికీ సంబంధం ఉందా?

చాలాసార్లు ఉంటుంది. భారం తట్టుకోలేక అదుపు తప్పి అరవడం, ఏడవడం లాంటి స్థితినే మెల్ట్‌డౌన్ అంటారు. మెల్ట్‌డౌన్‌కు ముందు జరిగిన చివరి విషయాన్నే కారణమనుకుంటాం: "నీలం గ్లాసు బదులు ఎర్ర గ్లాసు ఇచ్చానని అరిచాడు". అంతకుముందు రెండు గంటలు కొత్త చోటు, కొత్త ముఖాలు, మైకు, లైట్లు అన్నింటినీ కలుపుకుంటూ వచ్చిన అలసట ఎవరికీ కనబడదు. లోపలి కబుర్లు, అంటే ఆకలి, దాహం, తలనొప్పి, సరిగ్గా తెలియకపోతే తనకే ఏం జరుగుతోందో తెలియదు. ఆ సమయంలో కారణాలు అడగడం, వివరించడం, చుట్టూ నలుగురు చేరి ఓదార్చడం అన్నీ అదనపు భారమే. లైటు తగ్గించి, మాట ఆపి, ఒక్కరే దగ్గర్లో ఉండటం చాలు. కొందరు అరవరు, మూగబోతారు. అది కూడా ఇదే స్థితి, మొండితనం కాదు.

సెన్సరీ ఇంటిగ్రేషన్ థెరపీ పనిచేస్తుందా?

ఎక్కువమంది అడిగేది ఇదే, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. ఈ పద్ధతిని అమెరికాకు చెందిన ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు చేసుకోవడానికి తోడ్పడే చికిత్సకురాలు) జీన్ ఏయర్స్ 1970ల నాటికి రూపొందించారు. ఉయ్యాల, బంతులు, బరువులు, రకరకాల స్పర్శలతో ఆట రూపంలో ఇంద్రియాలకు పని చెప్పడం దీని తీరు. పైన చెప్పిన సమయ వ్యవధి, మెగర్క్ లాంటి పరిశోధనలకూ ఈ థెరపీకీ పేరు దగ్గరగా ఉంది కానీ పుట్టుక వేరు. ప్రయోగశాలలో తేలిన విషయాలు చూపించి "కాబట్టి మా థెరపీ పనిచేస్తుంది" అని ఎవరైనా అంటే ఆ లంకె నమ్మకండి.

ఆధారాల సంగతికొస్తే, 2012లో అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ పరిశోధన పరిమితంగా ఉందని, తేల్చి చెప్పలేమని పేర్కొంది. బ్రిటన్‌లో 138 మంది పిల్లలతో జరిగిన పెద్ద ప్రయోగం ఫలితాలు 2022లో వచ్చాయి. మామూలుగా అందే సేవల కంటే ఈ థెరపీ వల్ల ప్రవర్తనలో అదనపు మెరుగుదల కనబడలేదు. బరువైన దుప్పట్ల మీద 2014లో వచ్చిన అధ్యయనంలో నిద్ర సమయం పెరగలేదు, అయినా పిల్లలకూ తల్లిదండ్రులకూ ఆ దుప్పట్లు నచ్చాయి!

నా అభిప్రాయం: మంచి ఆక్యుపేషనల్ థెరపిస్ట్ దగ్గరకు వెళ్లడం వల్ల లాభం ఉంది, ఎందుకంటే పిల్లవాడికి ఏది పడదో, ఏది హాయిగా ఉంటుందో గమనించే కన్ను వాళ్లకుంటుంది. వాళ్లిచ్చే సలహాతో ఇల్లు, బడి మారితే పిల్లవాడికి సుఖం. కానీ "ఇన్ని సెషన్లలో మెదడు సరి చేస్తాం" అనే హామీకి అప్పు చేసి డబ్బు కట్టకండి. మొదట్లోనే ఒక లక్ష్యం రాసుకోండి, ఉదాహరణకు "పళ్లు తోముకునేటప్పుడు ఏడవకుండా ఉండటం". కొన్ని వారాలకు అది కదలకపోతే ఆపేసే హక్కు మీకుంది. పిల్లవాడు వెళ్లనని ఏడుస్తుంటే అదీ ఒక ఫలితమే.

ఇంట్లో, క్లాసులో ఏం చేస్తే తేలికవుతుంది?

ఒకసారికి ఒక దారి. చూపించేటప్పుడు మాట్లాడకండి, మాట్లాడేటప్పుడు చూపించకండి. బోర్డు మీద రాస్తూ, వీపు తిప్పుకుని, రాసేదానికి సంబంధం లేని విషయం చెప్పే టీచర్ దగ్గర ఆటిజం ఉన్న పిల్లవాడు రెండూ పోగొట్టుకుంటాడు. ముందు రాయండి, ఆగండి, తర్వాత చెప్పండి. చెప్పినది కాగితం మీద కూడా ఉంటే ఇంకా మంచిది, కాగితం ఎక్కడికీ పోదు కాబట్టి.

రెండోది, నేపథ్యం తగ్గించడం. ఎవరూ చూడని టీవీ ఆపేయండి. కుర్చీ కాళ్లకు గుడ్డ లేదా రబ్బరు తొడిగితే క్లాసులో గరగర తగ్గుతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకోనివ్వండి, కానీ రోజంతా కాదు, మరీ ప్రశాంతంగా ఉన్న గదిలో కూడా తీయకపోతే చెవి చిన్న శబ్దాలకూ ఇంకా సున్నితమవుతుంది.

వీడియో కాల్ తర్వాత బాగా అలసిపోతాను. నాకు ఆటిజం ఉంది. ఇదీ దీనివల్లేనా?

కారణాల్లో ఇదొకటి. నెట్ నెమ్మదించినప్పుడు పెదవులూ మాటా విడిపోతాయి. ఎవరికైనా చిరాకే, కానీ కలపడానికే ఎక్కువ ఖర్చయ్యే మెదడుకు గంటసేపు అదే పని. అవతలివాళ్ల వీడియో ఆపేసి మాట మాత్రమే వినండి, లేదా సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. వీడియో ఆపుతున్నానని ముందే చెప్పేస్తే మర్యాద సమస్య కూడా తీరుతుంది. కొందరికి మాట కంటే చాట్ మేలు, అది అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

ఈ పరిశోధనలు మా పిల్లకు వర్తిస్తాయా? తను మాట్లాడదు.

న్యాయమైన సందేహం. ఈ ప్రయోగాల్లో పాల్గొనాలంటే సూచనలు అర్థం చేసుకోవాలి, చాలాసేపు కూర్చోవాలి, బటన్ నొక్కాలి. అందువల్ల మాట్లాడగలిగి, చదువుకోగలిగే వారి మీదే ఎక్కువ పరిశోధన జరిగింది. మాటలు రానివారు, మేధో వైకల్యం కూడా ఉన్నవారు వీటిలో చాలా తక్కువ. కాబట్టి మీ పాప విషయంలో పుస్తకం కంటే మీ గమనిక గొప్పది. ఒక వారం పాటు, ఏ సమయంలో, ఏ గదిలో, చుట్టూ ఏమేం ఉన్నప్పుడు తను హాయిగా ఉందో రాసి పెట్టండి. కష్టపడినవి ఎలాగూ గుర్తుంటాయి, హాయిగా ఉన్నవే మరిచిపోతాం.

డాక్టర్ దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి?

వినికిడి, చూపు పరీక్షలు ఇంతవరకు చేయించకపోతే ఇప్పుడే. నిన్నటి వరకు భరించిన శబ్దం లేదా వెలుతురు హఠాత్తుగా భరించలేకపోతే, ఉన్న మాటలు తగ్గిపోతే, కాసేపు శూన్యంలోకి చూస్తూ పిలిచినా తాకినా కదలకుండా ఉండిపోతే ఆలస్యం చేయకండి. చివరిది మూర్ఛకు గుర్తు కావచ్చు, ఆటిజం ఉన్నవారిలో మూర్ఛ మామూలు కంటే ఎక్కువగా వస్తుంది. చెవిపోటు, పంటినొప్పి, మైగ్రేన్ లాంటివి కూడా "సెన్సరీ సమస్య" అన్న పేరు కింద నెలల తరబడి దాగిపోతాయి. ఎక్కడ నొప్పో చెప్పలేని పిల్లవాడు తల కొట్టుకుంటుంటే, థెరపీ సెంటర్ కంటే ముందు చెవులు, పళ్లు చూపించండి.